గుప్పెడు తవుడు

పోయిన వారం కథని దానమ్మ ఫోను మోగేచోట ఆపేశాను. అవతల ఎవరో చెప్పకుండా ఆపినందుకు ఉయ్యూరు నుంచి ఒక టీచరమ్మ గారు నన్ను గట్టిగానే చీవాట్లు పెట్టారు. ఆవిడ కోపం న్యాయమే. అయితే ఆ ఫోను ఎత్తేలోపు, కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకోవాలి.

నాగదుర్గకి ఇది మూడో కానుపు. మొదటిది ఏడో నెలలో కడుపులోనే పోయింది. రెండోవాడు మగపిల్లాడు, తొమ్మిది రోజులు బతికాడు. ఆ తొమ్మిది రోజులూ నాగదుర్గ వాణ్ణి రెప్ప వెయ్యకుండా చూసుకుంది, ఫోటోలు తీసింది, స్టేటస్‌లో పెట్టింది. పదో రోజు పొద్దున్న వీధిలో ఎవరో అన్న మాట ఆమె చెవిన పడింది. "కన్నతల్లి దిష్టిని మించిన దిష్టి లేదు" అని. ఆ నోరు ఎవరిదో ఇప్పటికీ తెలీదు. తెలిస్తే వెళ్లి నాలుగు కడిగేద్దామని నాకూ ఉంది.

ఈసారి ఆడపిల్ల. ఎనిమిదో నెల నిండకుండానే పుట్టింది, కిలోన్నర కూడా లేదు. విజయవాడ ఆసుపత్రిలో అద్దాల గదిలో, వేడి పెట్టెలో ఉంచారు. మూడోరోజున అత్తగారు పున్నమ్మ కంకిపాడు నుంచి పొరుగింటి దానమ్మని వెంటబెట్టుకొచ్చి, కోడల్ని అద్దం ఇవతల నిలబెట్టి, సోలెడు తవుడుకి పిల్లని అమ్మించింది.

"ఈ రోజుల్లో కూడా పిల్లల్ని తవుడుకి అమ్ముతారా?" అని అడిగారు మీలో కొందరు. అమ్ముతారండీ. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, బిడ్డలు బతికి బట్టకట్టిన ఒక ఆవిడని చూసి, ఆవిడ దగ్గర తవుడు పుచ్చుకుని, ఇక ఇది నీ బిడ్డ అంటారు. చావు వచ్చి అడిగితే "ఆ బిడ్డ ఇక్కడ లేదు" అని చెప్పడానికన్నమాట. ఏడాది నిండాక తవుడు తిరిగిచ్చి కొనుక్కుంటారు. అందాకా కన్నతల్లి ఆ పిల్లని నా పిల్ల అనకూడదు, తనివితీరా చూడకూడదు. పున్నమ్మ మూడుసార్లు "అమ్మావా?" అని అడిగింది. నాగదుర్గ మూడుసార్లూ "అమ్మాను" అంది. దానమ్మ ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి, ఆవిడకి ఇందులో రవ్వంత నమ్మకం లేదు. కానీ పున్నమ్మ ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చింది. ఏడ్చే మనిషిని కాదనడం దానమ్మకి చేతకాదు.

ఇక ఫోను ఎత్తుదాం.

"అత్తయ్యా, జెస్సికాకి నొప్పులు మొదలయ్యాయి. మీరు వచ్చెయ్యాలి!"

జెస్సికా దానమ్మ కూతురు, అరిచింది అల్లుడు యేసుబాబు. మైలవరం నుంచి అతను అరిచిన అరుపుకి వార్డులో ఆరు మంచాల వాళ్లకీ కబురు అందిపోయింది.

"ఎంతసేపయింది బాబూ?" అంది దానమ్మ, గొంతు తగ్గించి. గొంతు తగ్గించక తప్పదు, గుండెల మీద పిల్ల నిద్రపోతోంది. దానమ్మ వాలుకుర్చీలో వెనక్కి వాలి, జాకెట్టు హుక్కులు విప్పి, పిల్లని తన ఒంటికి ఆనించి బోర్లా పడుకోబెట్టుకుంది. ఇద్దరికీ కలిపి మెత్తటి పాత చీర చుట్టి ఉంది. ఊలు టోపీ పెట్టుకున్న బత్తాయంత తల ఒక్కటే బయటికి కనపడుతోంది.

దీన్ని ఆసుపత్రిలో కంగారూ పద్ధతి అంటారు. కంగారూ తన పిల్లని సంచిలో పెట్టుకున్నట్టు, తల్లి తన ఒంటి వేడితో నెలలు నిండని బిడ్డని కాచుకోవడం. పిల్లని పెట్టెలోంచి తీసిన రోజున సిస్టర్ శౌరమ్మ వచ్చి, "నాగదుర్గా, నువ్వు కంగారూ తల్లివి కావాలమ్మా" అంది. నాగదుర్గ భోరుమంది. "ఇప్పటికే కంగారుతో చస్తన్నాను సిస్టర్ గారూ, ఇంకా ఎంత కంగారు పడమంటారు?" అని. వార్డంతా విరగబడి నవ్వారు. ఆ నవ్వుల్లో అసలు సంగతి మరుగున పడిపోయింది. ఆ పని తాను చెయ్యనంది నాగదుర్గ. పిల్లని కొన్న దానమ్మ నెత్తిన పడింది.

దానమ్మ ఫోను పెట్టేసి పక్క మంచం వంక చూసింది. నాగదుర్గ ఎప్పటిలాగే గోడవైపు తిరిగి కూర్చుని, స్టీలు గిన్నెలోకి పాలు పిండుతోంది. గిన్నె నిండాక చెయ్యి వెనక్కి చాచి ఇస్తుంది, తల తిప్పదు. పిల్లని అమ్మిన నాటి నుంచీ ఇదే తంతు. మొహం తెలీదు గానీ పిల్ల చప్పుళ్లన్నీ ఆమెకి తెలుసు. ఎక్కిళ్లు, మూలుగులు, పిల్లిపిల్లలాంటి ఏడుపు. పిల్ల ఏడ్చినప్పుడల్లా ఆమె రవిక తడిసిపోయేది. ఒంటికి తెలిసిన సంగతి మనిషి ఒప్పుకోవడం లేదు.

"విన్నావుగా దుర్గా? నేను ఐదింటి బస్సుకి వెళ్లాలి" అంది దానమ్మ.

"వెళ్లండి దానమ్మత్తా. జెస్సికాకి తొలి కానుపు. మీరు దగ్గర లేకపోతే ఎట్లా?"

"మరి ఈ పిల్లో?"

నాగదుర్గ తల తిప్పకుండానే గిన్నె వెనక్కి చాచింది.

అప్పుడే సిస్టర్ శౌరమ్మ చార్టు పట్టుకుని వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఆసుపత్రి గేటు దాకా వెళ్తుంది.

"నాలుగు రోజుల్లో ఎంత పెరిగిందో తెలుసా ఈ పిల్ల? ఇరవై గ్రాములు. రోజుకో చెంచాడు పంచదారంత, అంతే. దానమ్మగారూ, మిమ్మల్ని అనడం లేదండీ, మీరు చేసేది మీరు చేస్తన్నారు. కానీ రాత్రి ఏడింటికి బస్సెక్కి మీ కంకిపాడు వెళ్తారు, పొద్దున్నే వస్తారు. ఈలోపు ఆ పిల్ల ఒంట్లో ఉన్న ఓపికంతా వేడి నిలుపుకోడానికే సరిపోతంది. పగలూ రాత్రీ గుండెకి కట్టుకునే మనిషి కావాలి దానికి. రొమ్ము చప్పరించడం నేర్చుకోవాలి. ఎల్లుండి డాక్టరు గారు తూకం చూస్తారు. ఇట్లాగే ఉందంటే మళ్లీ పెట్టెలోకే."

"మళ్లీ పెట్టెలోకా?" గోడవైపు నుంచి వినపడింది, నూతిలోంచి వచ్చినట్టు.

"మరి? ఏమనుకున్నావు?"

ఆ మాట మీద పున్నమ్మ వచ్చింది. ఒక చేతిలో క్యారియరు, రెండో చేతిలో ముడి వేసిన ప్లాస్టిక్ కవరు, మూతికి మాస్కు. నేత చీరలు మూట కట్టుకుని ముప్పై ఏళ్లుగా కంకిపాడు చుట్టుపక్కల ఇంటింటికీ తిరిగి అమ్మిన మనిషి. గుమ్మంలో అడుగుపెట్టగానే ఏ ఇంట్లో ఏ బేరం కుదురుతుందో పసిగట్టేస్తుంది. మొహాలు చూసి సంగతి అడక్కుండానే గ్రహించింది.

"జెస్సికాకి నొప్పులా? అనుకున్నాను. నెలలు నిండాయని తెలుసుగా" అంటూ క్యారియరు కింద పెట్టి, నేరుగా మూడో మంచం దగ్గరికి వెళ్లింది. అక్కడ ఒక బాలింతకి తోడుగా వాళ్లమ్మ పద్మావతమ్మ ఉంది. "ఏవండీ పద్మావతమ్మగారూ, మీకు ఎంతమంది పిల్లలు?"

"ముగ్గురండీ."

"ముగ్గురూ క్షేమమేనా?"

"క్షేమానికేం, నా ప్రాణం తోడేస్తూ నిక్షేపంలా ఉన్నారు."

"అయితే మీ చెయ్యి మంచిదే" అని కవరు ముడి విప్పింది పున్నమ్మ. "వస్తావస్తా మిల్లు దగ్గర ఆగి తెచ్చాను. ఈ తవుడు మీరు దానమ్మకిచ్చి, పిల్లని కొనుక్కోండి. ఏడాది నిండగానే మేం మళ్లీ కొనేసుకుంటాం. ఈ వారం పది రోజులు కాస్త గుండెల మీద పెట్టుకున్నారంటే మీ పేరు చెప్పుకుంటాం."

పద్మావతమ్మ ఆ కవరు వంక, పున్నమ్మ వంక మార్చి మార్చి చూసింది. "తవుడా? మా ఇంట్లో గేదె కూడా లేదండీ" అంది అమాయకంగా.

"ఇది వార్డా, సంతా?" శౌరమ్మ గొంతు లేచింది. "పిల్లని కొనడమేంటి, మారుబేరమేంటి! ఆ పిల్ల కాలికి పట్టీ కట్టాం, దాని మీద ఏం రాసుందో తెలుసా మీకు?"

పున్నమ్మకి తెలుసు. 'బేబీ ఆఫ్ నాగదుర్గ' అని రాసుంది. అందుకే దాని మీద దానమ్మ పాత చీర పీలిక ఒకటి చుట్టి ముడేసింది.

"సిస్టరమ్మగారూ, కోప్పడకండి. మీరే అన్నారుగా, మనిషి కావాలని. నేను పెట్టుకుందామంటే ఈ దగ్గొకటి."

"మనిషి లేకేం? అదుగో, గోడకి మొహం పెట్టి కూర్చుంది. పాలు ఆమెవి, పిల్ల ఆమెది, పట్టీ మీద పేరు ఆమెది. ఇంకెవర్ని వెతుకుతారండీ?"

నాగదుర్గ భుజాలు కదిలాయి. "నా వల్ల కాదు సిస్టర్ గారూ. నేను చూస్తే పోతుంది."

"ఏది?"

"పిల్ల. వాణ్ణి కూడా అట్లాగే చూశాను. తొమ్మిది రోజులు ఒక్క క్షణం కన్ను తిప్పలేదు. మొదటిసారి పొట్ట మీద చెయ్యేసుకుని మురిసిపోయాను, అదీ పోయింది. నా చూపు మంచిది కాదండీ. దానికి నా పాలు చాలు, నేనొద్దు."

శౌరమ్మ వెళ్లి ఆ మంచం మీద ఆమె పక్కన కూర్చుంది. ఈసారి ఆవిడ గొంతు గేటు దాకా వెళ్లలేదు.

"నీ పాత ఫైలు నేను చదివానమ్మా. ఆ బాబుకి గుండె దగ్గర రక్తనాళాలు తారుమారయ్యాయి. కడుపులో ఉన్నప్పుడే అయ్యాయి. నువ్వు వాణ్ణి చూసేనాటికే వాడి గుండె అట్లా ఉంది. నీ కంటికీ దానికీ ఏం సంబంధం?"

"వీధిలో అంతా..."

"మీ వీధిలో గుండె డాక్టర్లున్నారా?"

"లేరు."

"మరింకేం? నీ చూపుకి అంత బలముంటే రామ్మా, సాయంత్రమైతే మా వార్డు నిండా దోమలే, ఒక్కసారి తేరిపార చూడు, చచ్చి ఊరుకుంటాయి. మాకు మందు కొట్టే పని తప్పుతుంది."

నాగదుర్గకి నవ్వొచ్చింది, నవ్వుతోపాటు ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి ఆమె గొంతులోంచి వింత చప్పుడొకటి బయటికి వచ్చింది. దానమ్మ గుండెల మీద పిల్ల ఆ చప్పుడుకి కదిలి, మూలిగింది.

పున్నమ్మ మెత్తబడలేదు. కవరు గుండెలకి హత్తుకుని నిలబడింది. "మీరు చదువుకున్నారు సిస్టరమ్మగారూ. మీ మాట అబద్ధమని నేననను. కానీ నేను కళ్లారా చూసిన మాట చెబుతున్నా. అమ్మిన బిడ్డ బతుకుద్ది. నా కొడుకు బతికాడు."

"చెప్పు వదినా" అంది దానమ్మ ఉన్నట్టుండి. "మొత్తం చెప్పు. సగం చెప్పి ఊరుకోకు. మీ సురేషు నిన్ను పిన్నీ అని ఎందుకు పిలుస్తాడో, అది కూడా చెప్పు."

నాగదుర్గ మొదటిసారి గోడ మీంచి మొహం తిప్పింది. ఆరేళ్ల కాపురంలో సురేష్ తన తల్లిని "పిన్నీ" అనడం ఆమె రోజూ వింటూనే ఉంది. పెళ్లయిన కొత్తల్లో ఈవిడ సవతి తల్లేమో అనుకుంది కూడా. అడిగితే సురేష్ "చిన్నప్పటి అలవాటు" అని తేల్చేశాడు. ఆ తేల్చెయ్యడంలో ఏదో గుచ్చుకున్నట్టు ఉండేది, మళ్లీ అడగలేదు.

"ఇప్పుడెందుకు దానమ్మా అయ్యన్నీ?"

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? ఈ పిల్ల పెళ్లికా?"

పున్నమ్మ మంచం కోడు పట్టుకుని నెమ్మదిగా స్టూలు మీద కూర్చుంది. కిటికీలోంచి ఎక్కడికో చూస్తూ మొదలుపెట్టింది.

"వాడికి ముందు ముగ్గురు పోయారు. వీడు పుట్టగానే మా అత్త వీధి చివరింటి ఆదెమ్మకి అమ్మించింది. తవుడుకే. ఏడాది నిండాక కొనేసుకుందామనుకున్నాం. ఐదో నెలలో ఆదెమ్మకి కామెర్లొచ్చాయి. పది రోజుల్లో పోయింది."

"పోతే?" అంది నాగదుర్గ.

"పోతే ఏముందమ్మా! కొన్న మనిషే లేదు. ఎవరికి తవుడిచ్చి కొనుక్కోను? మా అత్త అంది, బేరం తెగలేదు, వాడు నీ బిడ్డ కాడు, అమ్మా అని పిలిపించుకున్నావో పోతాడు జాగర్త అని. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. ముగ్గుర్ని మట్టి చేసినదాన్ని. ఎవరేం చెప్పినా నమ్మేదాన్ని." పున్నమ్మ మాస్కు కిందికి లాగి పైట చెంగుతో మొహం తుడుచుకుంది. "వాడికి పదకొండో నెలలో మాటొచ్చింది. పొయ్యి దగ్గరున్నాను. దోగాడుకుంటా వచ్చి నా చీర పట్టుకుని, అమ్మా, అన్నాడు. నేను వాడి నోటి మీద కొట్టాను."

ఎవరో చెంచా కింద పడేశారు.

"మళ్లీ అన్నాడు. మళ్లీ కొట్టాను. పిన్నీ అనరా, పిన్నీ అను, అని నేర్పాను. నేర్చుకున్నాడు. నా కొడుకు తెలివైనోడు, తొందరగానే నేర్చుకున్నాడు."

"అత్తయ్యా" అంది నాగదుర్గ. "ఆయన్ని ఎప్పుడన్నా ఒళ్లోకి తీసుకున్నారా?"

"నిద్దరపోయాక. వాడు నిద్దరపోయాక తీసుకునేదాన్ని. మెలకువ రాబోతుంటే దింపేసేదాన్ని." పున్నమ్మ తల ఎత్తింది. ఆవిడ కళ్లలో నీళ్లతోపాటు పంతం కూడా ఉంది. "అయితేనేం? ముప్పై మూడేళ్లొచ్చాయి వాడికి. బతికాడుగా! అమ్మా అనకపోతే ఏం, బతికాడు. నువ్వు నాతో పోట్లాట పెట్టుకోకు దుర్గా. ఏడాదే. కళ్లు మూసుకుంటే అయిపోతుంది. ఈ తవుడు పద్మావతమ్మగారి చేత ఇప్పిస్తాను. కన్న నోటితో మళ్లీ మూడుసార్లు చెప్పాలి. చెప్పు. అమ్మావా?"

నాగదుర్గ అత్తగారిని చూస్తూ ఉండిపోయింది. ఈవిడ మీద ఆరేళ్లుగా ఆమెకి భయం ఉంది, గౌరవం ఉంది, ఒక్కోసారి చిరాకూ ఉంది. జాలి పడటం ఇదే మొదలు. తను కూడా ఇంకో ముప్పై ఏళ్లకి ఇట్లాగే ఏదో ఒక స్టూలు మీద కూర్చుని, కూతురు నిద్రపోయాక దాన్ని ముట్టుకున్న రాత్రుల గురించి ఎవరికో చెప్పుకుంటుందా? ఏడాదే అంటోంది అత్తయ్య. ఆవిడకీ ఏడాదే అన్నారు.

"అమ్మావా?" రెండోసారి అడిగింది పున్నమ్మ.

దానమ్మ కుర్చీలోంచి చూస్తోంది. శౌరమ్మ చార్టు మూసేసింది.

"దుర్గా, నిన్నే. అమ్మావా?"

"అమ్మను."

"ఏంటీ?"

"అమ్మను అత్తయ్యా. నేను అమ్మను."

పద్మావతమ్మ కూతురి మంచం మీంచి ముందుకి వంగింది. "ఏమంటోందండీ? అమ్మనంటోందా, అమ్మనంటోందా?"

"రెండూ ఒకటేగా!" అంది పక్క మంచం బాలింత.

"అది కాదే, బేరం వద్దంటోందా, తల్లినంటోందా అని!"

"మన తెలుగులో రెంటికీ ఒకటే మాట పద్మావతమ్మగారూ" అంది దానమ్మ. ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి. "వదినా, పిల్లని కొన్నది నేను. ఎవరికి అమ్మాలో నా ఇష్టం. నాకు బస్సు టైమవుతోంది. దుర్గా, మీ అత్త చేతిలో కవరు తీసుకో. తీసుకుని నాకివ్వు."

నాగదుర్గ లేచింది. పదహారు రోజుల బాలింత, మంచం కోడు ఆసరా చేసుకుంది. పున్నమ్మ కవరు వదల్లేదు, గట్టిగా పట్టుకోనూ లేదు. నాగదుర్గ ఆవిడ వేళ్లు ఒక్కొక్కటే తీసి, కవరు అందుకుని, దానమ్మ చేతిలో పెట్టింది.

"ముట్టింది" అంది దానమ్మ. "నా దేవుడు సాక్షి, మీ దేవుడు సాక్షి, సిస్టరమ్మగారు సాక్షి. బేరం తెగింది. మా కోళ్లకి రేపటి మేత దొరికింది. ఇక రా, నీ పిల్లని నువ్వు పట్టుకో."

శౌరమ్మ క్షణం ఆలస్యం చెయ్యలేదు. మనసు మారేలోపు పని అయిపోవాలని ఇరవై ఎనిమిదేళ్లలో ఆవిడ నేర్చుకుంది. దానమ్మని లేపి నాగదుర్గని వాలుకుర్చీలో కూర్చోబెట్టింది, రవిక విప్పించింది, చేతులు కడిగించింది. దానమ్మ గుండెల మీంచి పిల్లని తీస్తుంటే కాలికున్న పీలిక వేలాడింది. నాగదుర్గ ఆ ముడి తనే విప్పేసింది. కింద పట్టీ మీద తన పేరు చదువుకుంది. పిల్ల పేరు ఉండాల్సిన చోట తన పేరే ఉంది.

పిల్ల ఒంటి మీద పడగానే నాగదుర్గ కళ్లు గట్టిగా మూసుకుంది.

"తెరువు" అంది శౌరమ్మ.

"భయమేస్తంది."

"వెయ్యనీ. భయపడతానే చూడు. ఎవరొద్దన్నారు?"

నాగదుర్గ చూసింది. ఇంత బొట్టంత మొహం. కనుబొమ్మల చోట బంగారు నూగు. ముక్కు సురేష్‌ది. పెదవి మాత్రం అచ్చం ఆ తొమ్మిది రోజుల పిల్లాడిది, పైపెదవి మధ్యలో చిన్న నొక్కు. అది చూడగానే ఆమెకి దుఃఖం ముంచుకొచ్చింది. "వీడు... వీడు మా బాబులాగే ఉన్నాడు, అదే, ఉంది" అంటూ ఏడ్చింది. ఏడుస్తూనే చూసింది. ఈసారీ కన్ను తిప్పలేదు. పిల్ల కళ్లు తెరిచి ఎక్కడో గాల్లోకి చూసి, మొహం ముడిచి, ఉన్నట్టుండి తుమ్మింది.

అందరూ బిగుసుకుపోయారు.

"చిరంజీవ!" అంది పున్నమ్మ.

అలవాటున అనేసింది. అనేశాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పద్మావతమ్మ ఫక్కున నవ్వింది. "అయిపోయిందమ్మా, నానమ్మ దీవెన కూడా పడిపోయింది. ఇంక దీనికి నూరేళ్లూ ఢోకా లేదు."

"శతాయుష్షు" అని చిన్నగా పూర్తి చేసింది పున్నమ్మ, సగం దీవెన వదిలేస్తే పాపమన్నట్టు.

పిల్ల తల అటూ ఇటూ కదిపి, బుగ్గతో తడుముకుంటూ, పాల వాసన ఎటునుంచి వస్తోందో వెతుక్కుంది. శౌరమ్మ వేలితో కాస్త సాయం చేసింది. ఒకసారి జారింది. రెండోసారి జారింది. మూడోసారి పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు చప్పరింపులు. తర్వాత అలిసిపోయి నిద్రపోయింది.

"నాలుగు!" అంది నాగదుర్గ. పరీక్ష పాసైన పిల్లలా శౌరమ్మ వంక చూసింది. "నాలుగు చప్పరించింది సిస్టర్ గారూ."

"చూశాను. గంటకోసారి పెట్టు. రాత్రి కూడా ఇట్లాగే కట్టుకో. ఎల్లుండి తూకం సంగతి నేను ఇప్పుడు చెప్పను, ముల్లు చెబుతుంది. కంగారూ తల్లివి అయ్యావు, ఇంక కంగారు తగ్గించుకో."

దానమ్మ జాకెట్టు సరిచేసుకుని, సంచి భుజాన వేసుకుంది. ఖాళీ అయిన గుండెల మీద ఒకసారి చెయ్యి రాసుకుంది. తర్వాత వంగి, పిల్ల టోపీ మీద ముద్దు పెట్టి, పెదాలు కదిలించి తన ప్రార్థన ఏదో చెప్పుకుంది. "వెళ్తన్నా దుర్గా. నా మనవణ్ణో మనవరాలినో చూసుకుని వస్తా. నేను వచ్చేసరికి ఇది దబ్బపండంత అవ్వాలి."

తవుడు కవరు పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, ఆగిపోయింది.

గుమ్మం అవతల సురేష్ నిలబడి ఉన్నాడు. వన్‌టౌన్‌లో బట్టల కొట్టు నుంచి రోజూ నాలుగింటికి వస్తాడు. మగవాళ్లని గుమ్మం దాకానే రానిస్తారు కాబట్టి అక్కడి నుంచే చూసి వెళ్లిపోతాడు. చేతిలో మంచినీళ్ల సీసా ఉంది. మొహంలో రంగు లేదు.

"ఎంతసేపయిందిరా వచ్చి?" అంది దానమ్మ.

"చాలాసేపయింది అత్తా."

లోపల స్టూలు మీంచి పున్నమ్మ లేచి నిలబడింది. కొడుకు విన్నాడని ఆవిడకి అర్థమైపోయింది. ఏ మాటని ముప్పై మూడేళ్లు దాచుకుందో ఆ మాట వార్డంతటికీ తెలిసిపోయింది. ఆవిడ మాస్కు పైకి లాక్కుంది, దాంతో మొహం దాగుతుందన్నట్టు.

సురేష్ దానమ్మ ముందు అరచెయ్యి చాపాడు.

"అత్తా, ఆ తవుట్లో ఓ గుప్పెడు నాకు పెట్టు."

"నీకెందుకురా?"

"పెట్టు."

దానమ్మ పెట్టింది. సురేష్ సిస్టర్ వంక చూసి, "రెండు నిమిషాలు లోపలికి రావచ్చాండీ?" అని అడిగాడు. శౌరమ్మ ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఒక్క మగాణ్ణి కూడా ఆ గుమ్మం దాటనివ్వలేదు. పక్కకి తప్పుకుంది. సురేష్ చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. భార్య ముందు ఒక్క క్షణం ఆగి, ఆమె గుండెల మీదున్న ఊలు టోపీని చూసి, తర్వాత తల్లి ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

పున్నమ్మ చెయ్యి తీసుకుని, అందులో ఆ గుప్పెడు తవుడు పోసి, వేళ్లు మూశాడు.

"ఆదెమ్మ లేదు. అమ్మకానికి నేనే ఉన్నాను" అన్నాడు. "నా ధర నాకే ఇచ్చి కొనుక్కో. చిన్నప్పుడు నోరు మూసుకోమన్నావు, మూసుకున్నాను. నీకు నేనంటే ఇష్టం లేదనుకున్నాను. ఇప్పుడు నాకు ఒక కూతురుంది. అది నన్ను నాన్నా అనే రోజుకి, నేను నిన్ను ఏమని పిలవాలో తెలియాలి."

తన ఖాళీ అరచెయ్యి ఆవిడ ముందు చాపాడు.

పున్నమ్మ పిడికిలి ఆ అరచెయ్యి మీదికి వచ్చింది. వచ్చి ఆగిపోయింది. బిగించిన వేళ్లు విప్పితే కొడుకు తనవాడవుతాడు. విప్పితే ముప్పై మూడేళ్లుగా వాణ్ణి కాపాడిందని నమ్మిన అడ్డు కూడా పోతుంది. వాలుకుర్చీలోంచి నాగదుర్గ, పిల్లని గట్టిగా పొదువుకుని, "ఇచ్చెయ్యండి అత్తయ్యా" అంది.

పిడికిలి విప్పలేదు పున్నమ్మ. కానీ ఆ చెయ్యి ఎంతగా వణుకుతోందంటే, వేళ్ల సందుల్లోంచి తవుడు సన్నగా కొడుకు అరచేతిలోకి రాలుతోంది.